రెండో తెడ్డు

ఉరుకుందుకు అనుమానం పట్టుకొని అప్పటికి పన్నెండు రోజులైంది. పదమూడో రోజు పొద్దున అది తలకెక్కింది. చేతిలో పని పక్కన పడేసి మౌలాలి తాత దగ్గరికి బయలుదేరాడు.

మౌలాలి తాత తుంగభద్ర ఒడ్డున ఒక చిన్న దర్గా పక్కన, రేకుల గదిలో ఉండేవాడు. పెద్దగా ఏమీ చెప్పేవాడు కాదు. వచ్చినవాళ్లు చెప్పుకునేదంతా వినేవాడు, గడ్డం గోక్కునేవాడు, తిన్నావా అని అడిగేవాడు. అంతే. అయినా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ప్రతి గురువారం వస్తూనే ఉండేవాళ్లు. ఉరుకుందు ఆయన్ని గురువుగా పట్టుకొని పదేళ్లయింది.

ఉరుకుందుది తిమ్మరేవు. పని పుట్టీలు అల్లడం. ఏరు దాటే గుండ్రటి పడవను అక్కడ పుట్టి అంటారు. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున తారు పూసిన పట్టా బిగిస్తారు. ఈ పనిలో అనుమానం లేనివాడు పనికిరాడు. ప్రతి బద్దనూ వంచి చూడాలి, ప్రతి కట్టునూ వేలితో నొక్కి చూడాలి. ఎక్కడ చూడకుండా వదిలేస్తే అక్కడే నీళ్లు ఊరతాయి. ఉరుకుందు అల్లిన పుట్టిలో ఇన్నేళ్లలో ఒక్క చుక్క ఊరలేదు. తన పనితనమంతా తన అనుమానంలోనే ఉందని అతని నమ్మకం. అంతవరకూ బాగానే ఉంది. మనుషుల్ని కూడా అట్లా వేలితో నొక్కి చూడ్డం మొదలుపెట్టాకే చిక్కొచ్చింది.

తిమ్మరేవులో అయిదో తరగతి వరకే బడి. పెద్ద బడి ఏటికి ఆవల ఉంది. ఎండాకాలం పిల్లలు ఇసుకలో నడిచే పోతారు. ఏరు వచ్చిందంటే పుట్టి కావాలి. ముప్పై ఏళ్లుగా ఆ పుట్టి నడిపిన బోడెన్న నిరుడు జబ్బుపడి లేచాడు గానీ, చేతుల్లో సత్తువ పోయింది. కొడుకులు కూలికి బెంగళూరు వెళ్లిపోయారు. మిగతా మగవాళ్లంతా తెల్లారకముందే వలలతో పోయి మధ్యాహ్నానికి గానీ తిరిగి రారు. మగపిల్లల్ని ఆవలి ఊళ్లో చుట్టాల ఇళ్లల్లో పెట్టారు. ఆడపిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టారు. అట్లా ఆగిపోయినవాళ్లు ఆరుగురు. అందులో బోడెన్న మనవరాలు కూడా ఉంది.

మరి ఆడవాళ్లే పుట్టి నడపొచ్చు కదా అంటే, నడపకూడదు. ఆడది తెడ్డు ముడితే ఏరు ఒప్పదని ఆ ఊళ్లో ఎప్పటినుంచో ఉన్న మాట. ఏరు ఎవరితో చెప్పిందో ఎవరికీ తెలీదు.

రెండేళ్ల కిందట మౌలాలి తాతే ఉరుకుందుతో, మీ ఊళ్లో ఈడొచ్చిన పిల్లలు ఊరికే తిరుగుతున్నారు, వాళ్లతో కూర్చో అని చెప్పాడు. ఉరుకుందు కూర్చున్నాడు. అయిదుగురు పోగయ్యారు. పదిహేడేళ్ల సుంకమ్మ వాళ్లలో ముందుండేది. తొమ్మిదిలో చదువు ఆగిపోయిన పిల్ల. ఏటి నీళ్లంటే జంకే దూదేకుల మాబు ఆమె వెనకే ఉండేవాడు. పెద్దల ముందు ఎట్లా నిలబడాలో, అర్జీ ఎట్లా రాయాలో, ఎదుటివాడు అరిచినప్పుడు ఎట్లా అరవకుండా ఉండాలో ఉరుకుందు వాళ్లకు నేర్పాడు. వాళ్ల కోసం కొత్త పుట్టి కూడా అల్లి ఇచ్చాడు. ఎవరితో మాట్లాడినా 'నా పిల్లోళ్లు' అనేవాడు.

పిల్లలు ఊరి పెద్దల ముందుకు పోయి అడిగారు. మేం పుట్టి నడుపుతాం, ఆడపిల్లల్ని బడికి తీసుకుపోతాం అన్నారు. పెద్ద రభస జరిగింది. తన కట్టె కాలేదాకా ఆడపిల్ల చేత తెడ్డు పట్టనివ్వనని బోడెన్న అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. చివరికి ఊరి పెద్ద లింగప్ప ఒక తీర్పు చెప్పాడు. అక్కణ్నుంచి మూడో గురువారం సుంకమ్మ ఆరుగురు పిల్లల్నీ ఎక్కించుకొని ఏరు దాటాలి. ఆవలి రేవు బండకు సరిగ్గా చేరిస్తే ఆ పుట్టి నడిపే పని పిల్లలదే. బండ దాటి కిందికి కొట్టుకుపోతే ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. సుంకమ్మకు ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఈ ఏడు కూడా బడికి పోకపోతే ఆమె చదువు సంగతి అంతటితో సరి.

ఇదంతా ఉరుకుందు సాధించిన పనే అని ఊరు అనుకుంది. ఉరుకుందూ అదే అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పిల్లలు మారిపోయారు. సాయంత్రం అయ్యేసరికి అయిదుగురూ కనపడకుండా పోతున్నారు. అతను వస్తే మాటలు ఆపేస్తున్నారు. ఏం జరుగుతోందంటే ఏం లేదు మామా అంటున్నారు. ఏం లేదనే పిల్లల పరికిణీలు మోకాళ్ల దాకా తడిసి ఉంటున్నాయి. ఉరుకుందు ఒకరోజు, గట్టున బోర్లించిన పుట్టి మీద గుర్తుగా తుమ్మముల్లు పెట్టి చూశాడు. తెల్లారి చూస్తే ముల్లు లేదు. ఇంకోరోజు ఇసుకలో అడుగులు లెక్కపెట్టాడు. పిల్లలు అయిదుగురైతే ఆరుగురి అడుగులున్నాయి. ఆ ఆరో మనిషి ఎవరు? ఎవరో పట్నం మనిషి వచ్చి పిల్లల్ని తనవైపు తిప్పుకుంటున్నాడా? మాబు చిన్నాయన ఇసుక ట్రాక్టరు నడుపుతాడు, ఆ ఇసుకవాళ్లు ఏమైనా ఆశ పెట్టారా? గురువారం కావాలని ఓడిపోవడానికి ఒప్పుకున్నారా? అతనికి అన్నం కూడా సయించలేదు.

ఇదంతా విని మౌలాలి తాత గడ్డం గోక్కున్నాడు.

"వాళ్లు చేసిన తప్పేమన్నా దొరికిందా నీకు?"

"దొరకలేదు తాతా. నా అనుమానం దాని మీదనే."

తాత నవ్వలేదు. తనకు ఏరు దాటి చాలా రోజులైందనీ, రేపు పొద్దున తిమ్మరేవుకు వస్తాననీ, ఆ పిల్లనే పుట్టి నడపమని చెప్పమనీ అన్నాడు. తర్వాత తిన్నావా అని అడిగాడు.

మరుసటి రోజు తాత వచ్చేసరికి గట్టున నలుగురు పోగయ్యారు. తాత ఎక్కుతానంటే ఆ ఊళ్లో కాదనేవాళ్లు లేరు. బోడెన్న మాత్రం తాను చూడనన్నట్టు మొహం పక్కకు తిప్పుకొని కూర్చున్నాడు. తాత పుట్టిలో మధ్యన కూర్చున్నాడు. సుంకమ్మ ముందువైపు మోకాళ్ల మీద కూర్చొని తెడ్డు పట్టుకుంది. ఉరుకుందు వెనకవైపు ఎక్కాడు. తాత గట్టు మీద ఉన్న ఇంకో తెడ్డు అడిగి తీసుకొని ఉరుకుందు చేతికిచ్చాడు.

"నీకు నమ్మకం కుదరలేదు కదా. ఇది నీ దగ్గర పెట్టుకో," అన్నాడు.

ఉరుకుందుకు ధైర్యం వచ్చింది. గురువు తన పక్షానే ఉన్నాడనుకున్నాడు.

సుంకమ్మ పుట్టిని ఆవలి బండ వైపు తిప్పకుండా ఎగువకు తిప్పింది. ఏరు కిందికి లాగుతుంది గనక ఎవరైనా కొంత ఎగువకు పోయే దాటుతారు. అది ఉరుకుందుకు తెలుసు. కానీ ఈ పిల్ల మరీ ఎగువకు పోతోంది. అంత ఎగువన ఏముంది? ఇసుక ట్రాక్టర్లు దిగే చోటుంది. ఉరుకుందు కొంచెం సరిచేద్దామని తెడ్డు ఒక్కసారి నీళ్లలో వేశాడు.

పుట్టి గిర్రున తిరిగింది.

ఆమె అటు లాగితే ఇతను ఇటు లాగాడు. గుండ్రటి పడవ, రెండు తెడ్లు. అది ఎటూ పోకుండా ఉన్నచోటే తిరగసాగింది. తిరుగుతూ తిరుగుతూ కిందికి జారిపోతోంది. ఆ పిల్లకు చేతకావడం లేదని ఉరుకుందు ఇంకా గట్టిగా వేశాడు. పుట్టి ఇంకా జోరుగా తిరిగింది. గట్టు ఒకసారి కనపడుతోంది, ఆవలి తుమ్మలు ఒకసారి కనపడుతున్నాయి. తాత రెండు చేతులతో అంచు పట్టుకొని కళ్లు మూసుకున్నాడు.

"బాగుంది," అన్నాడు. "తిరణాలలో రంగులరాట్నం ఎక్కినట్టుంది."

సుంకమ్మ తెడ్డు పైకి తీసి ఒళ్లో పెట్టుకొని ఊరికే కూర్చుంది. చివరికి ఉరుకుందు చేతులు నొప్పెట్టి ఆగాడు. అతను ఆగాక పుట్టీ నిదానించింది. అప్పుడు ఆ పిల్ల తెడ్డు వేసి ఆవలి గట్టుకు చేర్చింది. రేవు బండకు వంద గజాలు కింద చేరారు.

"చూసినావా తాతా, బండ దాటి కిందికొచ్చింది," అన్నాడు ఉరుకుందు ఆయాసపడుతూ.

"చూసినాను," అన్నాడు తాత. "ఎన్ని తెడ్లు పడినాయో కూడా చూసినాను."

ఉరుకుందు మొహం మాడిపోయింది. తాత గట్టెక్కి వేపపుల్ల కోసం చెట్లు వెతుక్కుంటూ పోయాడు. ఉరుకుందు, సుంకమ్మ మిగిలారు. ఎందుకంత ఎగువకు పోయావని అతను గట్టిగా అడిగాడు. ఇసుక తోడిన చోట నడి ఏట్లో గుంతలు పడ్డాయనీ, అక్కడ కొత్తగా సుడులు లేచాయనీ, వాటిని తప్పించుకోవాలంటే అంత ఎగువకు పోవాలనీ ఆమె చెప్పింది. గుంతల సంగతి ఉరుకుందుకు తెలియదు. పుట్టీలు అల్లుతాడు గానీ అతను ఏట్లోకి దిగి ఏళ్లయింది.

"ఈ మాట నాతో చెప్పకుండా సాయంత్రాలు యాడికి పోతాండారు మీరు?"

సుంకమ్మ కాసేపు తెడ్డు కొసను గోటితో గీకింది. ఆమెకు అతనంటే భయం లేదు, మొహమాటం ఉంది. రెండేళ్లు అతని పక్కన కూర్చున్న పిల్ల.

"మామా, నువ్వు గట్టు మీద నిలబడితే నా చేతులు నా మాట వినవు. తప్పు వేస్తానేమో అని నువ్వు చూస్తాంటావు. నువ్వు చూస్తాంటే తప్పే పడుతుంది. అందుకే నువ్వు ల్యానప్పుడు నేర్చుకుంటాండాము."

"నేర్పేదెవరు?"

"చెప్పనని మాటిచ్చినాను."

అదే మాట ఇంకొకరు అని ఉంటే ఉరుకుందు ఊరుకునేవాడేమో. ఇది తాను తయారుచేసిన పిల్ల నోట వచ్చింది. అతనికి నిజంగానే ఏడుపొచ్చినంత పనైంది. మాటిస్తే తప్పకూడదని ఆమెకు నేర్పింది కూడా తనే. తిరిగి వస్తున్నప్పుడు అతను తెడ్డు ముట్టలేదు. పుట్టి సరిగ్గా వచ్చి తిమ్మరేవు మెట్ల దగ్గర ఆగింది. అయినా అతని మనసు కుదుటపడలేదు.

తాతను సాగనంపుతూ ఊరి చివరిదాకా నడిచాడు. తాతకు కూడా ఏదో తెలుసనీ, పిల్లలతో కలిసి తనకు దాస్తున్నాడనీ అతనికి అప్పటికే అనుమానం వచ్చేసింది. గురువు మీద అనుమానం రావడం అదే మొదటిసారి. అది ఎంత తప్పో తెలుసు, అయినా ఆగలేదు.

"ఆ నేర్పేదెవరో నీకు తెలుసు కదా తాతా?"

తాత నడక ఆపాడు.

"తెలిస్తే నువ్వేం చేస్తావు?"

ఉరుకుందు పట్టుకుంటానని అనబోయాడు, పట్టుకొని ఏం చేయాలో తోచలేదు. తాత అతని భుజం తట్టి వెళ్లిపోయాడు.

బుధవారం సాయంత్రం పిల్లలు మళ్లీ మాయమయ్యారు. ఉరుకుందు గట్టుదాకా పోయి, మళ్లీ ఏమనుకున్నాడో వెనక్కి వచ్చేశాడు. వాళ్లు ఇళ్లకు చేరాక పోయి పుట్టి కట్లన్నీ ఒక్కొక్కటిగా వేలితో నొక్కి చూశాడు. అది అతని పని. ఇసుక మీద అడుగుల వైపు మాత్రం చూడలేదు. చూడకుండా రావడం ఎంత కష్టమో అతనికే తెలుసు.

గురువారం పొద్దున ఊరంతా గట్టు మీదే ఉంది. ఏరు ముందురోజు కంటే రెండు జేనలు పెరిగింది. లింగప్ప, మరో నలుగురు పెద్దలు బండల మీద కూర్చున్నారు. వాళ్ల పక్కన బోడెన్న దుప్పటి కప్పుకొని కూర్చున్నాడు. మౌలాలి తాత కూడా వచ్చాడు. దర్గాకు మొక్కుబడి కోసం ఎవరో రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి దంచి చేసిన మలీదా ముద్దలు తెచ్చి ఇస్తే, వాటిని తువ్వాలలో మూటగట్టుకొని వచ్చాడు. వచ్చి ఉరుకుందు పక్కన చతికిలబడ్డాడు.

ఆరుగురు పిల్లలూ పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకొని ఎక్కారు. బోడెన్న మనవరాలు చివర ఎక్కింది. ఆ పిల్ల తల్లి ఒకసారి చెయ్యి పట్టి వెనక్కి లాగి, మళ్లీ తనే వదిలేసింది. సుంకమ్మ ఏటికి దండం పెట్టి తెడ్డు వేసింది.

మొదట అంతా బాగానే సాగింది. పుట్టి ఎగువకు పోయింది, నడి ఏటికి చేరింది, ఆవలి వైపు తిరిగింది. సగం దూరం దాటిందనగా ఒక్కసారి పక్కకు ఒరిగి తిరగడం మొదలుపెట్టింది. రాత్రి పెరిగిన నీళ్లకు సుడి చోటు మారినట్టుంది. గట్టు మీద ఆడవాళ్లు కేకలు పెట్టారు. పుట్టిలో పిల్లలు ఒకరినొకరు పట్టుకున్నారు. సుంకమ్మ తెడ్డు పైకెత్తేసింది.

ఉరుకుందు గబుక్కున లేచి నిలబడ్డాడు. తెడ్డు ఎత్తుతుందేంటి ఈ పిల్ల? భయపడిపోయిందా? లేక కావాలనే వదిలేసిందా? వెయ్యవే, తెడ్డు వెయ్యి అని అరవడానికి నోరు తెరిచాడు.

తాత ఆ తెరిచిన నోట్లో మలీదా ముద్ద పెట్టేశాడు. నిమ్మకాయంత కాదు, పిడికెడు ముద్ద.

"నములు," అన్నాడు.

నోరు నిండిపోయింది. అరవడానికి లేదు, ఉమ్మడానికి లేదు. గురువు చేతి ప్రసాదం. ఉరుకుందు ఊపిరి ముక్కుతో లాగుతూ నిస్సహాయంగా అటూ ఇటూ చూశాడు. అప్పుడతనికి బోడెన్న కనిపించాడు.

బోడెన్న పుట్టి మీద నుంచి చూపు తిప్పడం లేదు. దుప్పటి జారిపోయినా పట్టించుకోలేదు. కుడి చెయ్యి మోకాలి మీద లేని తెడ్డును పట్టుకొని ఉంది. పెదాలు కదులుతున్నాయి. ఆగు, ఆగు, ఇంకా ఆగు అంటున్నాడు. పుట్టి ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది, సుంకమ్మ ముఖం ఆవలి గట్టు వైపు వచ్చింది. బోడెన్న మణికట్టు ఒక్కసారి విసురుగా కదిలింది. సరిగ్గా అదే క్షణాన ఏట్లో తెడ్డు పడింది. ఒక్క వేటుకు పుట్టి సుడిలోంచి బయటపడింది.

తాను అరవబోయిన మాట ఆ పిల్ల విని ఉంటే, వేసిన ప్రతి తెడ్డూ పుట్టిని సుడి లోపలికే లాగేది. అది అర్థమై ఉరుకుందు మెల్లగా కూర్చున్నాడు.

పుట్టి రేవు బండకు తగిలింది. ఆరుగురూ దిగి, సంచులు సర్దుకొని, వెనక్కి తిరిగి చూడకుండా బడి వైపు పరిగెత్తారు. సుంకమ్మ పుట్టిని బండకు కట్టి, తానూ ఒక సంచి తీసుకొని వాళ్ల వెనక పోయింది. గట్టు మీద మాబు, మిగతా పిల్లలు ఎగిరి గంతులేశారు. బోడెన్న దుప్పటి మళ్లీ కప్పుకొని నేల చూపులు చూస్తున్నాడు.

లింగప్ప మాత్రం నవ్వలేదు. ఆయన వైపే అందరూ చూస్తున్నారు.

"ఉరుకుందూ," అన్నాడు. "సుడిలో తెడ్డు ఎత్తి పట్టుకొనేది పుట్టీలు అల్లేవాని విద్య కాదు. ఏట్లో పుట్టి నడిపి పండినోళ్ల విద్య. ఎవురు నేర్పినారు ఆ పిల్లకి?"

బోడెన్న తల ఇంకా కిందికి వంగింది. ఒట్టు పెట్టుకున్న మనిషి, తన వాళ్ల మధ్యనే కూర్చొని ఉన్నాడు. ఉరుకుందు రెండు వారాలుగా వెతుకుతున్న జవాబు చేతికి దొరికింది. ఆ ఆరో మనిషి అడుగులు ఎవరివో ఇప్పుడు తెలుసు. ఒక్క పేరు చెబితే చాలు, తన అనుమానం నిజమైందని ఊరంతా ఒప్పుకుంటుంది. నోట్లో ముద్ద ఇంకా మిగిలే ఉంది. దాన్ని నిదానంగా నమిలి మింగాడు.

"తెల్దు లింగప్పా. నేనైతే నేర్పలేదు."

"నీకు తెలీకుండా ఆ పిల్లోళ్లు ఏం చేస్తారప్పా?" అన్నాడు లింగప్ప నమ్మలేక.

"చానా చేస్తారు," అన్నాడు ఉరుకుందు.

లింగప్ప అతని మొహంలోకి కాసేపు చూసి, పుట్టి ఇక పిల్లలదేనని చెప్పి లేచాడు. జనం చెదిరిపోయారు. బోడెన్న కూడా కర్ర ఊతంతో లేచి, ఉరుకుందు ముందు ఒక్క క్షణం ఆగి, ఇంటిదారి పట్టాడు.

గట్టు మీద గురుశిష్యులిద్దరే మిగిలారు. తాత తువ్వాల విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు.

"నాకు కూడా ఇన్నేళ్లూ ఒక అనుమానం ఉండేదిరా," అన్నాడు. "ఇయ్యాల తీరింది."

ఎవరి మీద అని ఉరుకుందు అడగలేదు.